అక్కడ అమ్మవారు.. ఇక్కడ కలుపు!

సరిహద్దు గీత దాటగానే మారిపోయే గునుగు పువ్వు తలరాత
చేనులో మందు దెబ్బ.. గట్ల మీదే మిగిలిన పూత
బతుకమ్మ వేళ బీదర్ తెలుగు ఇళ్లలో వెతుకులాట

బీదర్: పెత్రమాస దగ్గర పడుతోందంటే చాలు.. బీదర్ జిల్లాలోని తెలుగు ఇళ్లలో ఆడవాళ్ల నోట ఒకటే మాట. ఈసారి గునుగు ఎక్కడ దొరుకుతుంది? తంగేడుకు ఇబ్బంది లేదు. గుట్ట వారన, రోడ్డు పక్కన పచ్చగా పూసి కనబడుతుంది. బంతి, చామంతి బజారులో కిలోల లెక్కన అమ్ముతారు. గునుగుతోనే చిక్కు. దాన్ని ఎవరూ విత్తరు, ఎవరూ నీళ్లు పెట్టరు. తొలకరికి తనంతట తానే మొలుస్తుంది. వానలు వెనక్కి మళ్లే వేళకు పూస్తుంది. చలి ముదిరేలోపు గింజ రాల్చి ఎండిపోతుంది. దాని బతుకంతా నాలుగైదు నెలలే.

ఆ నాలుగైదు నెలల బతుకే ఇప్పుడు కష్టమైంది. సరిహద్దుకు అటువైపు జహీరాబాద్, నారాయణఖేడ్ ప్రాంతాల నుంచి కోడళ్లుగా వచ్చిన వారు, తరతరాలుగా ఇక్కడే ఉన్న తెలుగు కుటుంబాల వారు బతుకమ్మ పేర్చుకోవాలంటే ముందు ఈ పువ్వు దొరకాలి. ఒకప్పుడు ఊరు దాటితే చాలు, ఒడి నిండేది. ఇప్పుడు ఏ గట్టు మీద మిగిలిందో ఆరా తీసుకుని వెళ్లాల్సి వస్తోంది.

గునుగు లేనిదే నిలబడదు

బతుకమ్మలో గునుగుది అలంకారం పని మాత్రమే కాదు, మోసే పని కూడా. తాంబాళంలోనో, సిబ్బిలోనో గుమ్మడి ఆకులు పరిచి, తంగేడు వరుస పెట్టి, దాని మీద గునుగు కట్టలు పేరుస్తారు. ఒక్కో వరుసకు లోపలి ఖాళీని ఆకులతో, తొక్కిన కాడలతో నింపుతూ పైకి లేపుతారు. తంగేడు మెత్తన, పొద్దెక్కితే వాడుతుంది. బంతి బరువు. గునుగు కంకి మాత్రం గట్టిగా, తేలికగా ఉండి ఒకదానికొకటి ఒత్తుకుని నిలుస్తుంది. నిలువెత్తు సద్దుల బతుకమ్మ తల మీదికెక్కి చెరువు దాకా ఒరగకుండా చేరిందంటే అందులో గునుగు పాలే ఎక్కువ.

మరో గుణం కూడా ఉంది. తెల్లగా ఉండే గునుగు ఏ రంగు పట్టిస్తే ఆ రంగు పడుతుంది. పూలను గుప్పెడు గుప్పెడుగా కట్టి, కొనలు సమానంగా కత్తిరించి, ఎరుపు, నీలం, ఆకుపచ్చ, గులాబీ రంగు నీళ్లలో ముంచి ఆరబెడతారు. ఇంటి అరుగు మీద ఆ రంగు కట్టలు ఆరుతున్నాయంటే పండుగ వచ్చినట్టే. ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై అటుకులు, ముద్దపప్పు, నానబియ్యం, అట్లు, అలిగిన బతుకమ్మ, వేపకాయలు, వెన్నముద్దలు దాటి సద్దుల రోజు దాకా తొమ్మిది రోజులు. పండుగ రోజుల్లో ఈ పువ్వు కావాలి. ఏ ఒక్కరోజు ముందు తెంపి పెట్టుకున్నా చెడిపోదు. వాడిపోని ఆ గుణమే దాన్ని పండుగ పువ్వుగా నిలబెట్టింది.

తెలంగాణ ఏర్పడిన 2014లోనే బతుకమ్మ రాష్ట్ర పండుగ అయింది. తంగేడు రాష్ట్ర పుష్పం అయింది. తంగేడు పక్కనే వరుసలో కూర్చునే గునుగుకు మాత్రం ఏ హోదా రాలేదు. జీవో లేకున్నా దాని చోటు దానిదే. సరిహద్దుకు ఇటువైపు ఆ చోటు కూడా కరువే. ఇక్కడ సర్కారు లెక్కలో, రైతు లెక్కలో అది కలుపు.

గీతకు ముందు ఒకే జిల్లా

ఇప్పటి తరంలో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. 1956 నవంబర్ 1కి ముందు ఈ రెండు వైపులూ ఒకే జిల్లా. హైదరాబాద్ రాష్ట్రంలోని బీదర్ జిల్లా. రాష్ట్రాల పునర్విభజనలో నారాయణఖేడ్ తాలూకా, నిర్ణా సర్కిల్ మినహా జహీరాబాద్ తాలూకా, బీదర్ తాలూకాలోని న్యాల్‌కల్ సర్కిల్ ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. అవి మెదక్ జిల్లాలో కలిశాయి. 2016లో జిల్లాల పునర్వ్యవస్థీకరణ తర్వాత సంగారెడ్డి జిల్లాలోకి వచ్చాయి. బీదర్ మైసూరు రాష్ట్రంలోకి, అంటే నేటి కర్ణాటకలోకి చేరింది. ఉద్‌గీర్, నీలంగా, అహ్మద్‌పూర్ వైపు భాగాలు బొంబాయి రాష్ట్రానికి పోయి, ఇప్పుడు మహారాష్ట్రలో ఉన్నాయి.

గీత మనుషులు గీసుకున్నది. మన్ను మారలేదు, వాన మారలేదు, బంధుత్వాలు మారలేదు. బీదర్ నుంచి జహీరాబాద్ ముప్పై కిలోమీటర్ల దూరమే. పిల్లను ఇటు ఇవ్వడం, అటు తెచ్చుకోవడం ఆగలేదు. మారింది పేర్లు. తెలుగులో గునుగు. దక్షిణ కర్ణాటకలో దీన్నే అణ్ణె సొప్పు అంటారు. మరాఠీలో కుర్డు. ఉర్దూ, హిందీ మాట్లాడేవారు సర్వాలీ అంటారు. నాలుగు భాషలు కలిసే బీదర్‌లో ఒకే చేనులో, ఒకే మొక్కను నాలుగు పేర్లతో పిలిచే కూలీలు పక్కపక్కన కూర్చుని పీకేస్తుంటారు. వాళ్లలో దాన్ని పీకి, పండుగకని మళ్లీ ఒడిలో వేసుకునేది మాత్రం తెలుగు ఆడపడుచులే.

పొద్దు తగ్గితేనే పూత

గునుగు తోటకూర కుటుంబానిది. శాస్త్రీయ నామం సెలోషియా అర్జెంటియా. 1753లో లిన్నేయస్ ఈ పేరు పెట్టారు. అర్జెంటియా అంటే వెండిలాంటిది అని. పేరుకు తగ్గట్టే మొగ్గగా ఉన్నప్పుడు గులాబీ రంగులో ఉండే కంకి, కింది నుంచి పైకి విచ్చుకుంటూ వెండి తెలుపుకు మారుతుంది. కంకి అంటే ఒక్క పువ్వు కాదు. వందల చిన్న చిన్న పూల గుత్తి. ప్రతి చిన్న పువ్వుకూ ఐదు రేకుల్లాంటి పొరలు ఉంటాయి. అవి కాగితంలా పొడిగా ఉంటాయి. నీరు లేని పొర వాడేదేముంది? అందుకే తెంపిన వారానికి కూడా గునుగు గునుగులాగే ఉంటుంది.

పెరట్లో పెంచుకునే సీతజడ, పట్టుకుచ్చు పువ్వు దీని తోబుట్టువే. మనుషులు ఎంచి ఎంచి పెంచుకోగా కోడిజుట్టులా మారిన రకం అది. గునుగు మాత్రం ఇంకా అడవి మనిషే.

ఇది పూయడానికి పంచాంగం చూడదు, పొద్దు చూస్తుంది. పగటి పొడవు తగ్గే కొద్దీ పూత ఊపందుకునే జాతి ఇది. జూన్, జులైలో మొలిచిన మొక్క వానంతా ఆకు, కొమ్మ పెంచుకుంటుంది. భాద్రపదం వచ్చి పొద్దు కురచబడుతుంటే కంకి వేస్తుంది. పండుగ మాత్రం తిథిని బట్టి ముందు వెనకలవుతుంది. 2025లో పెత్రమాస సెప్టెంబర్ 21న వచ్చింది. అధిక మాసం వచ్చిన 2023లో అక్టోబర్ 14న వచ్చింది. పండుగ ముందొస్తే గులాబీ కొనలతో లేత గునుగు చేతికొస్తుంది. ఆలస్యమైతే కింది సగం నెరిసి, గింజ రాలుస్తున్న కంకులు దొరుకుతాయి. పాతకాలపు ఆడవాళ్లు ఏ యేడు ఏ పొలంలో ఎప్పుడు తెంపాలో ఈ తేడా చూసే చెప్పేవారు.

గింజ సంగతి మరీ విశేషం. ఆవగింజకన్నా చిన్నగా, నల్లగా, నున్నగా మెరుస్తుంది. చిన్న డబ్బా మూత ఊడినట్టు కాయ పైభాగం ఊడిపోయి గింజలు బయట పడతాయి. కంకి పైన ఇంకా పూస్తుండగానే కింద గింజలు రాలుతుంటాయి. అంటే పండుగకు పూలు తెంపుకొచ్చే వేళకే మరుసటి యేటి విత్తనం నేల మీద పడి ఉంటుంది. తెంపడం వల్ల గునుగు తగ్గదు. తగ్గేది వేరే కారణం వల్ల.

ఎర్ర రాయి తాగిన నీరు

బీదర్ ఊరు ఒక ఎర్రరాతి పీఠభూమి మీద ఉంది. సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తు. చరిత్రకారుడు గులాం యజ్దానీ బీదర్ చరిత్ర మీద 1947లో వచ్చిన తన పుస్తకంలో ఈ పీఠభూమిని ఇరవై రెండు మైళ్ల పొడవు, పన్నెండు మైళ్ల వెడల్పు ఉన్నదిగా వర్ణించారు. పైన ఉన్నది లేటరైట్. తవ్వినప్పుడు మెత్తగా ఉండి, గాలి తగిలితే గట్టిపడే రాయి. కోట చుట్టూ ఉన్న మూడు వరుసల కందకాన్ని ఈ రాతిలోనే తొలిచారు. ఇప్పటికీ గోడలకు వాడే ఎర్ర ఇటుక రాళ్లు ఇవే.

ఈ రాయి నిండా రంధ్రాలే. వాననీటిని స్పంజిలా తాగుతుంది. కింద ఉన్న నల్లరాతి పొర తగిలేసరికి నీరు ముందుకు కదలలేక పీఠభూమి అంచుల్లో ఊటలుగా బయటికొస్తుంది. నరసింహ ఝరణి గుహలో భక్తులు ఛాతీ లోతు నీళ్లలో నడిచి వెళ్లేది ఈ ఊట నీటిలోనే. గురునానక్ ఝీరా నీళ్లూ ఇవే. పదిహేనో శతాబ్దంలో బహమనీలు నౌబాద్ దగ్గర తవ్వించిన కరేజ్ సొరంగం కూడా ఇదే సూత్రం మీద పనిచేసింది. ఆ ప్రాచీన నీటి వ్యవస్థ ఉన్న బీదర్ నగరాన్ని ప్రపంచ స్మారకాల నిధి 2014 పరిశీలన జాబితాలో చేర్చింది.

ఇదంతా గునుగుకు సంబంధం లేని సంగతి అనిపించవచ్చు. కానీ సంబంధం ఉంది. ఎర్రరాయి పైన మన్ను పలచన. వానాకాలం రెండు మూడు నెలలు ఆ పలచటి మన్ను నీటితో నానిపోయి ఉంటుంది. తర్వాత గబగబా ఎండిపోతుంది. అలాంటి చోట చెట్టు నిలదొక్కుకోవడం కష్టం. యేడాదికి ఒకసారి పుట్టి, పూసి, గింజ వదిలి పోయే చిన్న మొక్కలదే రాజ్యం. గడ్డి మధ్యన తుమ్మి తెల్లగా, వెన్నదేవి నీలంగా, పొద్దుకు ఎదురుగా గునుగు వెండిలా కనబడేది ఇలాంటి బీళ్లలోనే. నల్లరేగడి చేనులో నడుము ఎత్తు పెరిగే గునుగు ఇక్కడ మోకాలి ఎత్తు కూడా దాటదు. అయినా పూత మానదు.

సతారా జిల్లాలోని కాస్ పఠారం కూడా ఇలాంటి లేటరైట్ రాతి మీదిదే. వాన ఎక్కువ కాబట్టి అక్కడ పూల జాతులు వేరు. ఆగస్టు చివరి నుంచి అక్టోబర్ దాకా ఆ పూలను చూసేందుకు జనం టికెట్ కొనుక్కుని వెళ్తారు. పశ్చిమ కనుమలతో పాటు అది 2012లో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. ఇక్కడి బీళ్లకు ఆ భాగ్యం లేదు. దేశంలో ఇలాంటి రాతి బీళ్లను, పొదల నేలలను ప్రభుత్వ పటాల్లో బంజరు కింద చూపడం రివాజు. బంజరు అనగానే అది ఖాళీ జాగా. రాయి తవ్వుకోవచ్చు, ప్లాట్లు వేయవచ్చు, వరుసగా ఒకే రకం చెట్లు నాటవచ్చు. యేడాదిలో ఎనిమిది నెలలు ఎండి ఉండే నేల మిగతా నాలుగు నెలలు ఎలా ఉంటుందో చూసేవారు తక్కువ.

సోయాతో మారిన చేను

బీళ్ల సంగతి అలా ఉంటే, చేనులో కథ మరోలా నడిచింది. గత రెండు మూడు దశాబ్దాల్లో బీదర్ జిల్లా వానాకాలం సాగు చాలా వరకు సోయాబీన్ వైపు తిరిగింది. అంతకుముందు జొన్నలో కంది, పెసర, మినుము కలిపి వేసే అలవాటు ఎక్కువ. ఆ చేనులో ఎడ్లతో గుంటుక తోలి, ఆ తర్వాత ఆడకూలీలు కలుపు తీసేవారు. చేత్తో తీసే కలుపులో కొంత మిగులుతుంది. మిగిలింది పూస్తుంది. పూసింది పండుగకు పనికొస్తుంది. చేసేవారు కూడా అంత పట్టుగా చివరి మొక్క దాకా పీకేవారు కాదు.

సోయా తీరు వేరు. దాదాపు వంద రోజుల పంట. వరుసలు దగ్గర. విత్తిన పదిహేను ఇరవై రోజులకు కలుపు రెండు మూడాకుల మీద ఉండగానే ఇమజెథాపిర్ లాంటి మందు కొడతారు. సోయాకు ఏమీ కాదు. వెడల్పాకు కలుపుల్లో చాలా వరకు పెరుగుదల ఆగి, పసుపెక్కి పోతాయి. గునుగు ఆ వయసులో వేలెడంత కూడా ఉండదు. చేనులో దెబ్బ తగిలాక ఇక మిగిలేది గట్టు. అయితే గట్టుకూ నెమ్మది లేదు. గాలికి కొట్టుకొచ్చిన మందు కొంత, గడ్డి మాడ్చడానికి నేరుగా గట్టు మీదే కొట్టే మందు కొంత. గ్లైఫోసేట్‌ను తెగుళ్ల నివారణ ఆపరేటర్ల ద్వారా తప్ప వాడకూడదని కేంద్రం 2022 అక్టోబర్‌లో నోటిఫికేషన్ ఇచ్చింది.

మొక్క ఒక్క యేడాదిలోనే మాయమైపోదు. రాలిన గింజలు మన్నులో కొన్నేళ్లు ఓపికగా పడి ఉంటాయి. అందుకే పాత చేనులో రైతుకు యేటా కొత్తగా గునుగు మొలుస్తూనే ఉంటుంది. కానీ వరుసగా ప్రతి యేడూ పూతకు రాకముందే పోతుంటే, మన్నులోని నిల్వ ఖర్చవుతుందే గాని కొత్తది జమ కాదు. బ్యాంకు ఖాతా లాంటిదే.

అటువైపూ పరిస్థితి ఏమంత నయం కాదు. సరిహద్దు దాటితే పత్తి, సోయా, చెరకు. అక్కడా కలుపు మందు వాడకం ఉంది. హైదరాబాద్ రోడ్ల పక్కన పండుగ వారం గునుగు కట్టలు అమ్మకానికి వస్తాయి. తెంపుకొచ్చే పువ్వు కొనుక్కునే పువ్వు కావడం మొదలై చాలా కాలమైంది.

రైతు మాటా నిజమే

గునుగు పోతోందని బాధపడే ముందు రైతు బాధ కూడా వినాలి. గునుగు ఉత్త పువ్వు కాదు, గట్టి కలుపు. సోయా మొక్క కంటే ఎత్తు పెరిగి నీడ కమ్ముతుంది. ఒక్క మొక్క వేల గింజలు రాలుస్తుంది. ఈ యేడు వదిలేస్తే వచ్చే యేడు చేనంతా అదే. పండుగ వేళకే సోయా కోతలు వస్తాయి. ముదిరిన గునుగు కాడలు కొడవలికి అడ్డం. నల్లటి గింజలు ధాన్యంలో కలిస్తే మార్కెట్‌లో ధర కోస్తారు.

ఇక కలుపు తీసే కూలీలు సమయానికి దొరకరు. దొరికినా వాన విడవకపోతే చేనులో దిగలేరు. వారం ఆలస్యమైతే పంట పోతుంది. ఇంత ఖర్చు, ఇంత తిప్పలు పడేకన్నా ఒక డబ్బా మందుతో ఒక్క పూటలో పని తీరుతుందంటే చిన్న రైతు దాన్నే ఎంచుకుంటాడు. పండుగ పువ్వు కోసం పంట వదులుకోమని ఎవరూ అడగలేరు. అడగకూడదు కూడా.

మందు వచ్చి రైతుకు తెరిపినిచ్చిన మాట నిజం. అదే మందుతో కలుపు కూలి మీద ఆధారపడిన ఆడవాళ్లకు పని దినాలు తగ్గిన మాటా నిజం. ఆ ఆడవాళ్లే సాయంత్రం ఇంటికి పోయేటప్పుడు ఒడిలో ఇంత ఆకుకూర, పండుగ రోజుల్లో ఇంత గునుగు పట్టుకెళ్లేవారు. కూలి, కూర, పువ్వు మూడూ ఒకే చేనులో దొరికేవి.

ఇక్కడ కలుపు.. అక్కడ కూర

గునుగు లేత ఆకు మంచి కూర. వానాకాలం మొదట్లో కొనలు తుంచి పప్పులో వేస్తారు, ఉల్లిగడ్డతో వేయిస్తారు. మహారాష్ట్రలో కుర్డు భాజీ తొలకరి కూరల్లో ఒకటి. దూరాన ఆఫ్రికాలో నైజీరియా వాళ్లు దీన్ని ఏకంగా మడులు కట్టి పెంచుతారు. అక్కడి యోరుబా భాషలో దీని పేరు సోకో యోకోతో. భర్తలను బొద్దుగా, హాయిగా ఉంచేది అని దాని అర్థం. ఇంగ్లిష్‌లో లాగోస్ స్పినాచ్ అన్నా ఇదే. ఉగాండాలో పరిశోధకులు జొన్నతో కలిపి గునుగు పెంచి చూసినప్పుడు, జొన్న వేరును పట్టి రసం పీల్చే స్ట్రైగా కలుపు తగ్గినట్టు గమనించారు.

అంత దూరం పోనక్కర్లేదు. జహీరాబాద్ పక్కన పస్తాపూర్‌లో 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఇదే మాట చెబుతూ వచ్చింది. విత్తకుండా మొలిచే కూరలను కలుపు అనవద్దు, అవి పేదింటి ఆహారం అన్నది ఆ సంస్థ వాదన. తుమ్మికూర, తలైలి, దొగ్గలి, పిట్టకూర, గునుగు.. ఇలా పదుల సంఖ్యలో కూరలను అక్కడి సంఘం మహిళలు గుర్తుపట్టి లెక్క చెప్పారు. 2008 అక్టోబర్‌లో ఆ మహిళలే సంఘం రేడియో నడపడం మొదలుపెట్టారు. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ బహుమతి ఆ సంఘాలకు దక్కింది. సంస్థ వ్యవస్థాపకుల్లో ఒకరైన పి.వి. సతీశ్ 2023 మార్చిలో కన్నుమూశారు.

కలిపి విత్తిన చేనుల్లో కలుపు మందు కొట్టడం కుదరదు. ఒక పంటకు మేలు చేసేది పక్క పంటను మాడుస్తుంది. అందుకే చిరుధాన్యాలు, పప్పులు కలిపి వేసే చోట గునుగు కూడా బతుకుతుంది. అది ఎవరో కాపాడితే బతికింది కాదు. సాగు పద్ధతే దానికి చోటిచ్చింది.

ఇదీ గునుగు

● కుటుంబం: తోటకూర జాతి. ఏకవార్షికం.
● మొలిచేది: తొలకరికి. పూత: ఆగస్టు చివరి నుంచి చలికాలం మొదటి దాకా.
● ఎత్తు: పలచటి ఎర్రనేలలో జానెడు నుంచి మోకాలి దాకా, నల్లరేగడిలో మీటరు వరకు.
● రంగు: మొగ్గ కొన గులాబీ, విచ్చుకున్నాక వెండి తెలుపు.
● వాడకం: లేత ఆకు కూర, కంకి బతుకమ్మకు. చైనా సంప్రదాయ వైద్యంలో గింజను కంటి జబ్బుల మందుల్లో వాడతారు.
● ఇతర పేర్లు: కుర్డు (మరాఠీ), అణ్ణె సొప్పు (కన్నడ), సర్వాలీ (హిందీ, ఉర్దూ).

గట్టును వదిలితే చాలు

చేను రైతుది. అందులో గునుగు ఉండాలా వద్దా అన్నది రైతు నిర్ణయం. కానీ గట్టు, బండ్ల బాట వార, చెరువు కట్ట, గుడి జాగా, ఊరి బీడు.. ఇవి ఒక్కరివి కావు. వీటి మీద మందు కొట్టకుండా వదిలేస్తే గునుగుకు అంతకు మించి ఏమీ అక్కర్లేదు. గడ్డి పెరిగిందనుకుంటే కొడవలితో కోసుకోవచ్చు. పశువుకు మేతా దొరుకుతుంది, గట్టూ కోసుకుపోదు. గడ్డి వేరు లేని గట్టు పెద్ద వానకు కరిగిపోతుందన్న సంగతి ఏ రైతుకూ చెప్పనక్కర్లేదు. చేనులోకి గింజ పడుతుందన్న భయం ఉంటే, పండుగ తొమ్మిది రోజుల్లో గట్టు మీది కంకులన్నీ తెంపుకుపొమ్మని ఆడపడుచులకు చెబితే సరి. ఇద్దరికీ లాభమే.

పట్నంలో ఉండేవారు ఇంటి ముందు జాగాలో కూడా పెంచుకోవచ్చు. పండుగ అయ్యాక ఎండిన కంకులను ఒక బట్ట మీద దులిపితే పిడికెడు గింజలు వస్తాయి. పొడిగా మడిచి దాచి, మళ్లీ తొలకరికి తడి మట్టి మీద చల్లి పైపైన మన్ను రాల్చితే చాలు. లోతుగా పూడ్చితే మొలవదు. ఎరువు ఎక్కువైతే ఆకే తప్ప కంకి బలియదు. రంగులద్దని కంకులనే గింజకు ఉంచుకోవాలి. చెరువులో కలిపే బతుకమ్మకు కూడా రసాయన రంగు తగ్గిస్తే నీళ్లకు మంచిది. గునుగు తన తెలుపుతోనే చాలినంత అందంగా ఉంటుంది.

పండుగ రేపనగా పువ్వు కోసం సరిహద్దు దాటి జహీరాబాద్ బజారుకు వెళ్లి కట్టలు కొనుక్కొచ్చుకోవడం ఇప్పుడు బీదర్ తెలుగు ఇళ్లకు అలవాటవుతోంది. బజారులో దొరికినంత కాలం ఫరవాలేదనిపిస్తుంది. అయితే బజారుకొచ్చే గునుగు కూడా ఎవరో ఒక గట్టు మీద తెంపిందే. ఎవరూ విత్తని పువ్వు అది. అటు గట్టయినా, ఇటు గట్టయినా ఎక్కడో ఒకచోట దాన్ని మొలవనివ్వాలి. 1956లో గీసిన గీత జిల్లాను రెండు చేసింది. గట్ల మీది గునుగును మాత్రం ఆ గీత ఆపలేదు. ఇప్పుడు ఆపుతున్నది మందు డబ్బా. దాన్ని గట్టు దగ్గర ఆపడం ఊరి చేతిలో పనే.